ఏది ఆపుతారో ముందు చెప్పండి: ఒక స్కూల్లో మూడేళ్ల ప్రోగ్రాం, కేస్ స్టడీ

మొత్తం స్కూల్ని ఒకేసారి బాగుచేసే ప్రోగ్రాంలను కాగితం మీద చదివితే తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. ఒక్క లెక్కల టీచర్‌కి ట్రైనింగ్ ఇచ్చో, ఒక్క ఆరో తరగతికి కొత్త పుస్తకాలు పంచో వదిలేస్తే ఆ మార్పు ఆ గది గడప దాటదు, అందుకని పాఠం చెప్పే పద్ధతి, పరీక్షలు, టైమ్ టేబుల్, టీచర్ల మీటింగులు, హాజరు, తల్లిదండ్రులతో మాటామంతీ, హెచ్ఎం పనిచేసే తీరు, అన్నీ కలిసి ఒకేవైపు కదలాలి అంటారు. నిజమే. చిక్కల్లా ఇవన్నీ స్కూల్ నడుస్తుండగానే, ఉన్న టీచర్లతోనే, ఉన్న పీరియడ్లలోనే కదలాలి.

ఇలాంటి ఒక ప్రోగ్రాంకి నేను ఒక స్కూల్లో మూడేళ్లు ఫెసిలిటేటర్‌గా పనిచేశాను. స్కూల్ పేరు, ప్రోగ్రాం పేరు చెప్పను, అప్పటి టీచర్లు చాలామంది ఇంకా అక్కడే ఉన్నారు. ఒకటి నుంచి ఎనిమిది దాకా తరగతులు, ముప్పైమంది దాకా టీచర్లు. అయిదు, ఆరు తరగతులకి వచ్చినా ఒక పేరా కుదురుగా చదవలేని పిల్లలు చాలామంది ఉన్నారని, మిగతా సబ్జెక్టులన్నీ అక్కడే దెబ్బతింటున్నాయని స్టాఫ్ మొత్తం ఒప్పుకుంది. ఇలా అందరూ ఒకే సమస్య వైపు వేలు చూపించడం అదృష్టం. చాలా స్కూళ్లలో అదీ ఉండదు.

ప్రోగ్రాంలో ఉన్నవి ఇవి. రోజూ పొద్దున మొదటి గంటన్నర స్కూల్ అంతా చదవడం మీదే ఉండాలి, అప్పుడు పిల్లలు తమ తరగతుల్లో కాకుండా తమ స్థాయిని బట్టి వేరే వేరే గ్రూపుల్లో కూర్చోవాలి. కొన్ని వారాలకి ఒకసారి పరీక్ష పెట్టి గ్రూపులు మార్చాలి. వారానికి ఒకసారి టీచర్లు బృందాలుగా కూర్చోవాలి. ఒకరి క్లాసు ఇంకొకరు చూడాలి. తల్లిదండ్రుల బృందం ఒకటి, క్రమశిక్షణకి ఉమ్మడి పద్ధతి ఒకటి. వీటన్నిటినీ కలిపి నడపడానికి పూర్తికాలం ఫెసిలిటేటర్, అంటే నేను.

మొదట ఓటింగ్ జరిగింది. ఈ రకం ప్రోగ్రాంలలో ఓటింగ్ కొత్తేమీ కాదు. 1987లో అమెరికాలోని బాల్టిమోర్‌లో రాబర్ట్ స్లావిన్, నాన్సీ మాడెన్ మొదలుపెట్టిన సక్సెస్ ఫర్ ఆల్ అనే ప్రోగ్రాంలో, కనీసం 80 శాతం మంది టీచర్లు రహస్య ఓటుతో ఒప్పుకుంటేనే స్కూల్లో అడుగుపెట్టాలన్న నియమం ఉండేది. మా దగ్గర కూడా ఓటు పెట్టారు, మంచి మెజారిటీతో నెగ్గింది, హెచ్ఎం గారు సంతోషించారు. కానీ ఆ ఓటు దేనికి పడిందో తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడితే తెలిసింది. కొందరు పుస్తకాలు, సామగ్రి వస్తాయని వేశారు. కొందరు హెచ్ఎం మాట కాదనలేక వేశారు, రహస్య ఓటే అయినా. ఒక సీనియర్ సోషల్ టీచర్ అయితే ఉన్నదున్నట్టు చెప్పేశారు: "చూడండి సార్, ఇలాంటివి వస్తాయి, రెండేళ్లుంటాయి, పోతాయి. వద్దంటే ఎందుకు వద్దన్నారని రాసివ్వాలి. సరే అంటే ఏమీ రాయక్కర్లేదు."

ఆయన్ని సోమరి అనుకుంటే పొరపాటు. ఆ స్కూల్లో బాగా చెప్పే టీచర్లలో ఆయన ఒకరు. తన సర్వీసులో వచ్చి పోయిన పథకాలన్నీ చూసిన మనిషి, లెక్క వేసుకుని మాట్లాడారు. పైగా రెండో ఏడాదికి బదిలీల మీద కొత్త టీచర్లు వచ్చారు, వాళ్లు ఓటే వేయలేదు. మూడో ఏడాదికి ఓటు వేసినవాళ్లకంటే వేయనివాళ్లే పెద్ద గుంపు అయ్యే పరిస్థితి. సమ్మతి మొదట్లో ఒకసారి తీసుకుని ఫైల్లో పెట్టుకుంటే, మనుషులు మారినకొద్దీ అది చెల్లకుండా పోతుంది. ఈ సంగతి ఏ ప్రోగ్రాం గైడులోనూ నాకు కనపడలేదు.

అసలు దెబ్బ టైమ్ టేబుల్ దగ్గర

ట్రైనింగులు బాగానే జరిగాయి. గట్టి వ్యతిరేకత కూడా ఏమీ రాలేదు. ప్రోగ్రాం ఎక్కడ చిక్కుపడిందో తెలియాలంటే చూడాల్సింది సబ్‌స్టిట్యూషన్ రిజిస్టర్, అంటే ఎవరు సెలవు పెడితే వాళ్ల క్లాసుకి ఎవరు వెళ్లాలో రాసే పుస్తకం.

మామూలు టైమ్ టేబుల్లో ఒక టీచర్ రాకపోతే ఒక తరగతి ఇబ్బంది పడుతుంది. పక్క క్లాసు టీచర్ ఓ కన్నేసి ఉంచుతారు, పిల్లలు ఏదో రాసుకుంటారు, రోజు గడిచిపోతుంది. స్థాయి గ్రూపులు పెట్టాక అలా కుదరదు. ఒక గ్రూపులో నాలుగైదు తరగతుల పిల్లలు ఉంటారు. ఆ గ్రూపు టీచర్ రాకపోతే ఆ పిల్లల్ని వాళ్ల క్లాసులకి తిప్పి పంపలేం, ఎందుకంటే ఆ గంటన్నరలో వాళ్ల క్లాసులనేవే ఉండవు, ఆ గదుల్లో వేరే గ్రూపులు కూర్చుని ఉంటాయి. ఖాళీగా ఉన్న టీచర్ కూడా దొరకరు, ఎందుకంటే గ్రూపులు చిన్నవిగా ఉండాలంటే అందరూ తలా ఒకటి తీసుకోవాల్సిందే, పీఈటీ, డ్రాయింగ్ టీచర్, లైబ్రరీ చూసే మేడమ్‌తో సహా. అంటే స్కూల్లో ఒక్క మనిషి కూడా మిగలకుండా అందర్నీ వాడుకుంటేనే నడిచే ఏర్పాటు ఇది. ముప్పైమంది టీచర్లున్న చోట ఏదో ఒక రోజు ఎవరో ఒకరు రాకపోవడం వింతా? పెళ్లిళ్లు, జ్వరాలు, ఆఫీసు పనులు, పిలిచిన ట్రైనింగులు, ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేదే.

మరి ఆ గ్రూపు ఎవరు తీసుకోవాలి? ఫెసిలిటేటర్! మొదటి ఏడాది సగం అయ్యేసరికి నా పొద్దుటి పని ఎవరు రాలేదో కనుక్కుని వాళ్ల గ్రూపుకి వెళ్లి కూర్చోవడం అయిపోయింది. క్లాసులు చూడటం, కొత్తవాళ్ల పక్కన కూర్చుని సాయం చేయడం, పరీక్షల ఫలితాలు చూసి ఏ పిల్లాడు ఏ గ్రూపులో ఇరుక్కుపోయాడో పట్టుకోవడం, నన్ను పెట్టింది వీటి కోసం, ఇవన్నీ సాయంత్రానికి, సాయంత్రం నుంచి మర్నాటికి వాయిదా పడ్డాయి. బయటినుంచి చూస్తే ప్రోగ్రాం నడుస్తూనే ఉంది, ఏ గ్రూపూ ఖాళీ లేదు, గంట కొట్టగానే పిల్లలు మారిపోతున్నారు. చూడ్డానికి వచ్చినవాళ్లు మెచ్చుకుని వెళ్లారు కూడా.

డ్రాయింగ్ టీచర్ సంగతి విడిగా చెప్పాలి. ఆమెకి చదవడం నేర్పే పద్ధతి మీద ముందు ఏ అనుభవమూ లేదు, కొద్దిపాటి ట్రైనింగ్ ఇచ్చి గ్రూపు అప్పగించారు, అదీ బాగా వెనకబడిన గ్రూపు. ఎందుకు? పై గ్రూపులు లాంగ్వేజ్ టీచర్లు అడిగి తీసుకున్నారు. కష్టమైన పిల్లలు అనుభవం లేని టీచర్ దగ్గరికి చేరడం స్కూళ్లలో ఎవరూ కావాలని చేసేది కాదు, ఎవరికి వాళ్లు సీనియారిటీ ప్రకారం ఎంచుకుంటూ పోతే చివరికి అలా తేలుతుంది. ప్రోగ్రాం మొత్తం ఏ పిల్లల కోసం తెచ్చారో సరిగ్గా ఆ పిల్లలకే అందులో పలుచటి భాగం దక్కింది. రెండో ఏడాది హెచ్ఎం గారు పట్టుబట్టి కింది రెండు గ్రూపులు సీనియర్ లాంగ్వేజ్ టీచర్లకి ఇచ్చారు. గొడవ అయింది, నెల రోజులు స్టాఫ్ రూంలో మాటలు తగ్గాయి. మూడేళ్లలో తీసుకున్న నిర్ణయాల్లో పిల్లలకి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అదేనని నా అభిప్రాయం. ప్రోగ్రాం పుస్తకంలో దాని ఊసే లేదు, అది పూర్తిగా ఆ హెచ్ఎం ధైర్యం.

సెలవుల చిక్కు తీరడానికి చేసింది చాలా చిన్న పని. గ్రూపుల సంఖ్య రెండు తగ్గించాం. ప్రతి గ్రూపులో కొద్దిమంది పిల్లలు పెరిగారు, దానికి బదులు రోజూ ఇద్దరు టీచర్లు ఏ గ్రూపూ లేకుండా చేతిలో ఉన్నారు. ప్రోగ్రాం తరఫు వాళ్లకి ఇది నచ్చలేదు, గ్రూపు పరిమాణం విషయంలో నియమం తప్పారని రిపోర్టులో రాశారు. రాసుకోనివ్వండి. 1970ల్లో అమెరికాలో రాండ్ అనే పరిశోధన సంస్థ తరఫున పాల్ బెర్మన్, మిల్‌బ్రీ మెక్‌లాఫ్లిన్ 293 ప్రాజెక్టుల్ని పరిశీలించి ఒక మాట తేల్చారు: నిలబడిన చోటల్లా ప్రాజెక్టూ కొంత మారింది, స్కూలూ కొంత మారింది. స్కూలే వంగాలి, ప్రోగ్రాం వంగదు అని కూర్చుంటే కాగితాల మీద అమలు తప్ప ఏమీ మిగలదు. అలాగని ఇష్టమొచ్చినట్టు మార్చేయమని కాదు. గ్రూపు సైజు కాస్త పెంచడం వేరు, కొన్ని వారాలకోసారి పెట్టాల్సిన పరీక్ష ఎగ్గొట్టడం వేరు. పరీక్ష ఎగ్గొడితే పిల్లాడు ఏడాదంతా ఒకే గ్రూపులో ఉండిపోతాడు, అప్పుడది మంచి సెక్షను, చెడ్డ సెక్షను అని విడదీసినట్టే. అందుకే పరీక్షల తేదీల్ని మాత్రం నేను ఒక్కరోజు కూడా వెనక్కి జరపనివ్వలేదు, దాంతో మొండివాడనే పేరూ వచ్చింది.

మీటింగులు, ఫారాలు

వారం వారం బృందం మీటింగ్ మొదటి కొన్ని నెలల్లోనే సర్క్యులర్లు చదివి వినిపించే మీటింగ్ అయిపోయింది. ఫలానా రిజిస్టర్ ఎల్లుండికి కావాలి, ఫలానా లిస్టు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, ఇలా. పిల్లల గురించి మాట్లాడేసరికి బెల్ కొట్టేది. ఈ సర్క్యులర్ల కబుర్లన్నీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేసి, మీటింగ్‌లో బల్ల మీద ఒకే ఒక పిల్లాడి నోటుబుక్ ఉంచాలని, దాని గురించి తప్ప వేరే ఏదీ మాట్లాడకూడదని పెట్టుకున్నాం. మొదట్లో అందరికీ ఇబ్బందిగానే ఉంది. మెల్లగా, "ఈ అబ్బాయి ఒత్తులు అన్నిచోట్లా వదిలేస్తున్నాడు మేడమ్, మీ దగ్గర కూడా అంతేనా?" లాంటి మాటలు వినపడ్డాయి. ఇంతకంటే చెప్పడానికి ఇక్కడ పెద్దగా ఏమీ లేదు.

క్లాసులు చూడటం దగ్గర మాత్రం పెద్ద రగడే అయింది. ఒకరి క్లాసు ఒకరు చూసి, ఫారం నింపి, కూర్చుని మాట్లాడుకోవాలని ఏర్పాటు. సాయం కోసమే, ఎవర్నీ తప్పుపట్టడానికి కాదని ట్రైనింగులో పదే పదే చెప్పారు. ఆ ఏడాది చివర్లో పైఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చి టీచర్ల పనితీరు నివేదిక రాయాల్సి వచ్చి, అల్మరాలో ఉన్న ఆ ఫారాల్ని అడిగి తీసుకున్నారు. ఎవరి ఉద్యోగమూ పోలేదు, ఎవరికీ మెమో రాలేదు. అయినా మర్నాటి నుంచి ప్రతి ఫారంలో ఒకటే మాట, 'చాలా బాగుంది'. జేమ్స్ కోమర్ 1968లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో మొదలుపెట్టిన స్కూల్ డెవలప్‌మెంట్ ప్రోగ్రాంలో మూడు సూత్రాల్లో ఒకటి, సమస్య గురించి మాట్లాడేటప్పుడు తప్పు ఎవరిదన్న ప్రశ్న పక్కన పెట్టాలన్నది. సూత్రం గొప్పదే, కానీ దాన్ని కాపాడేది గోడ మీద రాసిన సూక్తి కాదు, ఫారం ఎవరి దగ్గర ఉండాలన్న నిబంధన. రెండో ఏడాది నుంచి చూసినవాళ్లు రాసిన కాగితం అక్కడికక్కడే ఆ టీచర్ చేతికి ఇచ్చేసేవాళ్లం, స్కూల్లో నకలు ఉండదు. అయినా మళ్లీ నిజాలు రాయడం మొదలయ్యేసరికి ఏడాది పట్టింది, అదీ అందరూ కాదు.

ఆపడం

ఇక నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి. రెండో ఏడాది మొదట్లో హెచ్ఎం గారూ నేనూ ఒక సెలవురోజు కూర్చుని ఆ స్కూల్లో అప్పటికి నడుస్తున్న కార్యక్రమాలన్నీ రాశాం. మా ప్రోగ్రాం వచ్చేటప్పటికే అంతకుముందువి చాలా బతికే ఉన్నాయి. ఒక రీడింగ్ పథకం ఉంది, దానికి వేరే పరీక్ష, వేరే రిజిస్టర్. వెనకబడిన పిల్లలకి సాయంత్రం క్లాసులు ఉన్నాయి, దానికి వేరే లిస్టు. తల్లిదండ్రుల కమిటీ ఒకటి అప్పటికే ఉంది, మళ్లీ మా తల్లిదండ్రుల బృందం, రెండింటిలోనూ అదే మనుషులు. ఒకే పిల్లాడి చదివే స్థాయిని మూడు పద్ధతుల్లో కొలిచి మూడు చోట్ల రాస్తున్నారు, ఆ మూడూ ఒకదానితో ఒకటి కలవవు. ఏ పథకం వచ్చినా మొదలుపెట్టమని ఆర్డరు వస్తుంది, ఆపమని మాత్రం ఎప్పుడూ రాదు. టీచర్లు అలసిపోయారని, మార్పంటే ఇష్టపడరని బయటివాళ్లు అంటుంటే నాకు ఒళ్లు మండేది. ఒక మనిషి రోజులో అన్ని రిజిస్టర్లు నింపి, ఆపైన గంటన్నర కొత్త పద్ధతిలో పాఠం చెప్పి, దానికి రాత్రి ప్లాన్ రాసుకోవాలంటే అది ఇష్టాయిష్టాల సమస్యా, గడియారం సమస్యా?

ఆపాల్సినవి అని నాలుగు గుర్తించాం. పైఆఫీసుకి రాశాం. జవాబు రాలేదు, వెళ్లి అడిగితే, "ఆపమని మేం ఎలా చెప్తాం, అది వేరే సెక్షన్ వాళ్లది" అన్నారు. నిజానికి వాళ్లదీ తప్పనలేం, ఒక్కో పథకానికి ఒక్కో నిధి, ఒక్కో నివేదిక, ఒక్కో అధికారి. చివరికి స్కూల్ స్థాయిలో మేం ఆపగలిగినవి రెండే. సాయంత్రం క్లాసుల లిస్టుని పొద్దుటి గ్రూపుల లిస్టుతో కలిపేశాం, తల్లిదండ్రుల బృందాన్ని పాత కమిటీలోనే కలిపేశాం. ఆ రెండింటితో మిగిలిన సమయమే టీచర్లకి పాఠం తయారుచేసుకోవడానికి దొరికింది. ఆ టర్మ్‌లో పాఠాల్లో కనపడిన తేడా అంతకుముందు ఏ ట్రైనింగ్ తర్వాతా కనపడలేదు. దీనికి నా దగ్గర గ్రాఫులు లేవు, రోజూ ఆ గదుల్లో కూర్చున్న మనిషిగా చెప్తున్నాను.

మార్కులు మాత్రం రెండేళ్లు కదల్లేదు. కింది గ్రూపుల పిల్లలు చదవడంలో ముందుకొచ్చారు, వార్షిక పరీక్షల్లో అది కనపడలేదు. పైనుంచి ప్రశ్నలు మొదలయ్యాయి, హెచ్ఎం గారికి టెన్షన్. అప్పుడు నాకు పనికొచ్చింది వేరేచోట్ల జరిగిన పరిశోధన. స్టాన్‌ఫర్డ్‌లో హెన్రీ లెవిన్ 1986లో మొదలుపెట్టిన యాక్సిలరేటెడ్ స్కూల్స్ అనే ప్రోగ్రాం మీద ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ ఎనిమిది స్కూళ్లలో చేసిన అధ్యయనంలో మొదటి మూడేళ్లూ మార్కుల్లో మెరుగుదల లేదు, అది కనపడింది ఆ తర్వాతే. జెఫ్రీ బోర్మన్ బృందం 2003లో 29 రకాల ప్రోగ్రాంల మీద వచ్చిన 232 అధ్యయనాలు కలిపి చూస్తే ఫలితం గట్టిగా పెరగడం అయిదో ఏడాది దాటాక అని తేలింది. ఇంకోవైపు 1998లో అమెరికా ప్రభుత్వం ఇలాంటి ప్రోగ్రాంలకని పెట్టిన నిధి ఒక్కో స్కూల్‌కి ఏడాదికి కనీసం 50,000 డాలర్ల చొప్పున మూడేళ్ల వరకే. ఫలితం అయిదేళ్లకి, డబ్బు మూడేళ్లకి! ఈ లెక్క ఒక్క అమెరికాదే కాదు, ప్రాజెక్టు కాలం ఎక్కడైనా నిధిచ్చేవాళ్ల వీలుని బట్టి ఉంటుంది, స్కూల్ మారే వేగాన్ని బట్టి ఉండదు.

అయిదేళ్లు ఆగితే తప్పకుండా వస్తుందని కూడా ఎవరికీ హామీ ఇవ్వకండి. న్యూ అమెరికన్ స్కూల్స్ అని 1991లో మొదలైన పెద్ద ప్రయత్నాన్ని రాండ్ ఏళ్ల తరబడి గమనించింది. వివరాలు దొరికిన 163 స్కూళ్లలో తమ జిల్లా కంటే ఎక్కువగా మెరుగుపడినవి లెక్కల్లో 81, చదవడంలో 76. అంటే సుమారు సగం. డిజైన్లు, అంటే స్కూల్ మొత్తాన్ని మార్చే ప్రణాళికలు, పెద్ద పెద్దవాళ్లు రాసినవే, అమలు మాత్రం స్కూల్ స్కూల్‌కీ, ఒకే స్కూల్లో గది గదికీ తేడాగా ఉంది.

మూడో ఏడాది మధ్యలో హెచ్ఎం గారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినవారు మంచివారే, ప్రోగ్రాంకి వ్యతిరేకి కూడా కాదు, కాకపోతే ఆయన పాత స్కూల్లో లెక్కల మీద ఒక పని బాగా జరిగింది, అది ఇక్కడ కూడా చేయాలని ఉబలాటం. సహజమే. ఇంతకంటే చాలా పెద్దవే ఇలా ఆగిపోయాయి. అమెరికాలోని మెంఫిస్‌లో జిల్లా స్కూళ్లన్నిటికీ అధికారి అయిన సూపరింటెండెంట్ గెర్రీ హౌస్ జిల్లాలోని అన్ని స్కూళ్లూ ఏదో ఒక డిజైన్ తీసుకోవాలని పెట్టారు, దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది, ఆమె 2000లో వెళ్లిపోయారు, 2001లో తర్వాత వచ్చినవారు మొత్తం ఆపేశారు.

మా దగ్గర మొత్తం ఆగలేదు. పొద్దుటి గంటన్నర గంటకి తగ్గింది, స్థాయి గ్రూపులు ఉన్నాయి, కింది గ్రూపులు సీనియర్లకి ఇచ్చే పద్ధతి ఉంది. పరీక్షల తేదీలు ఇప్పుడు లైబ్రరీ మేడమ్ చూస్తున్నారు, నాకంటే గట్టిగా. నోటుబుక్ మీటింగ్ రెండు బృందాల్లో జరుగుతోంది, మిగతావాటిలో పోయింది. క్రమశిక్షణ పద్ధతి చార్టులతో సహా ఎవరికీ గుర్తులేదు, దానికి నాకు బాధ కూడా లేదు, మొదటినుంచీ దానికి ఆ స్కూల్లో అవసరం కనపడలేదు. ఫెసిలిటేటర్ పోస్టు నిధితో పాటే పోయింది.

ఇప్పుడు ఏ స్కూల్ వాళ్లయినా ఇలాంటి ప్రోగ్రాం తీసుకోవాలా వద్దా అని అడిగితే నేను ప్రోగ్రాం గురించి మాట్లాడను. పోయిన నెల సబ్‌స్టిట్యూషన్ రిజిస్టర్ తెమ్మంటాను, రోజుకి సగటున ఎంతమంది రావట్లేదో చూసి, అంతమందిని పక్కన పెట్టాకే గ్రూపులు లెక్కవేయమంటాను. ప్రస్తుతం నడుస్తున్న పథకాల జాబితా, ఒక్కోదానికి వారానికి ఒక టీచర్‌కి ఎంత సమయం పడుతోందో రాయమంటాను, ఆ జాబితాలోంచి ఆపేవాటికి పైఆఫీసు సంతకం ముందే తీసుకోమంటాను, నోటిమాట సరిపోదు. ఓటు ప్రతి ఏడాదీ, కొత్తగా వచ్చినవాళ్లతో కలిపి పెట్టమంటాను, ఓడిపోతే ఆపడానికి కూడా సిద్ధపడమంటాను. హెచ్ఎం బదిలీకి ఇంకా ఎంత కాలం ఉందో కూడా అడుగుతాను, కాస్త మొహమాటంగా ఉంటుంది కానీ అడగాలి. మొన్న ఒక స్కూల్ వాళ్లు ఆ పథకాల జాబితా రాయడం మొదలుపెట్టి సగంలోనే ఫోన్ చేసి, కొత్త ప్రోగ్రాం సంగతి వచ్చే ఏడాది చూద్దాం సార్, ముందు వీటిలో రెండు వదిలించుకుంటాం అన్నారు. సరే అన్నాను.